గొలుసులో ఒక గుండు



ముప్పయ్యేళ్ల పైచిలుకు ఆర్టీసీ గ్యారేజీలో చేతులు నల్లబరుచుకున్నవాణ్ణి నేను. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గర ఆర్నెల్లు ఉండి వద్దామని అమెరికా వెళ్లాను. ఇండియానా రాష్ట్రంలో, ఇండియానాపొలిస్ శివారు. అలా వెళ్లొచ్చిన తల్లిదండ్రులు ఈ ప్రసంగం వింటూ ఉంటే వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదయ్యేసరికి అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి, మనవడు బడికి. ఇక మిగిలేది మనం, టీవీ, కిటికీ. మా ఆవిడ పప్పులు వేయించడం, పచ్చడి పెట్టడం అంటూ ఏదో ఒక పని కల్పించుకుంది. నాకు మాత్రం నాలుగో రోజుకే చేతులు దురద పెట్టాయి.

ఆ కిటికీలోంచే చూశాను. ఒక శనివారం ఎదురింటి షెడ్డు తలుపు పైకి లేచింది. లోపల పొడుగ్గా, ఆకుపచ్చగా, క్రోమియం మెరుస్తూ ఒక కారు. 1972 మోడల్ షెవర్లే ఇంపాలా.

ఇంపాలా అంటే మా వయసు వాళ్లకి కారు పేరొక్కటే కాదు, డబ్బున్నవాడనడానికి ఇంకో మాట. మద్రాసు వెళ్లొచ్చినవాళ్లు ఫలానా స్టారు ఇంటి ముందు ఇంపాలా చూశామని నెలరోజులు చెప్పుకునేవాళ్లు. పద్దెనిమిది అడుగుల పొడవు. మన అంబాసిడర్ పద్నాలుగు అడుగులుంటుంది, దాని పక్కన ఇంకో నాలుగడుగులు కలుపుకోండి. బానెట్ కింద వి-8 ఇంజను, ఒక్క మాటలో చెప్పాలంటే మా పాత బస్సు ఇంజనుతో సరితూగే పరిమాణం, ఆరుగురు కూర్చునే కారుకి.

చెప్పులేసుకుని రోడ్డు దాటాను. మనవడు నా వెనకాలే వచ్చాడు, దుబాసీగా. వాడికి పద్నాలుగేళ్లు, తెలుగు బాగానే వస్తుంది గానీ 'కవాటం' లాంటి మాట వస్తే తెల్లమొహం వేస్తాడు. కారు యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి. కారు వాళ్ల నాన్నగారు కొత్తగా కొన్నదట. ఆయన పోయాక ఈయన చూసుకుంటున్నాడు. బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, ఒక్క పరికరం తప్ప. దాని గురించి ఆయన పావుగంట చెప్పాడు. మనవడు ఒక్క ముక్కలో తేల్చాడు: "తాతయ్యా, క్రూజ్ కంట్రోల్ పాడైందంట. పన్నెండేళ్లయిందంట."

క్రూజ్ కంట్రోల్ ఇప్పుడు మన దగ్గర కూడా చాలా కార్లలో వస్తోంది. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర దాంతో పనేమీ లేదనుకోండి, జాతీయ రహదారి ఎక్కాక పనికొస్తుంది. యాక్సిలేటర్ తొక్కి మీకు కావలసిన వేగం అందుకుంటారు, బటను నొక్కుతారు, కాలు తీసేస్తారు. బండి ఆ వేగం మీదే పోతుంది. బ్రేకు తొక్కితే వదిలేస్తుంది. ఇప్పటి కార్లలో ఇదంతా కంప్యూటరు చేస్తుంది. కానీ 1972లో కారులో కంప్యూటరు ఎక్కడిది? మరి అరవై మైళ్ల మీద పోతున్న బండికి వేగం ఎంతో ఎవరు చెప్పారు, యాక్సిలేటరు ఎవరు తొక్కారు? నాకు నిద్రపట్టని ప్రశ్న అది. బానెట్ ఎత్తమన్నాను.

చూడగానే నవ్వొచ్చింది. పాత స్నేహితుడు కనిపించినట్టయింది.

నేను గ్యారేజీలో చేరిన కొత్తలో పాత టాటా బండ్ల డీజిల్ పంపు వెనక ఒక గుండ్రటి డబ్బా ఉండేది. గాలి గవర్నరు అనేవాళ్లం. దాని లోపల తోలు డయాఫ్రం. ఇంజను గాలి పీల్చుకునే దారి నుంచి ఒక సన్న గొట్టం ఈ డబ్బాకి వచ్చేది. ఇంజను వేగం పెరిగితే పీల్పు పెరుగుతుంది, పీల్పు పెరిగితే తోలు పొర కదులుతుంది, పొర కదిలితే డీజిల్ తగ్గుతుంది. ఆ తోలు ఎండితే బిరుసెక్కేది, నూనె చుక్కలు వేసి మెత్తబరిచేవాళ్లం. ఎక్కడైనా గొట్టానికి చిల్లు పడిందంటే ఇంజను ఉయ్యాలూగేది. ఊమ్ అని లేచి, సన్నగా పడిపోయి, మళ్లీ ఊమ్. 'హంటింగ్ అవుతోంది' అని మా ఫోర్‌మన్ గారు గేటు దగ్గర నుంచే చెప్పేవారు, బండి చూడకుండానే.

ఇంపాలా బానెట్ కింద సరిగ్గా ఆ డబ్బాకి అన్నలాంటిది ఇంకొకటి ఉంది. కొబ్బరి చిప్పంత. సర్వో అంటారు. లోపల రబ్బరు పొర. ఇంజను పీల్పుకు లోపలి గాలి బయటికి పోతే పొర కుంగుతుంది, కుంగుతూ ఒక గొలుసును లాగుతుంది, గొలుసు చివర కార్బరేటరు. అంటే డ్రైవరు కాలు చేసే పనిని ఈ పొర చేస్తుంది. ఆ గొలుసు మన ఆడవాళ్ల గుండ్ల గొలుసులాగే ఉంటుంది, చిన్న చిన్న ఇనప గుండ్లు వరుసగా. దాని సంగతి మళ్లీ చెబుతాను.

రెండో డబ్బా దీనికి మెదడు. ట్రాన్స్‌డ్యూసర్ అని పేరు. గేరుబాక్సు నుంచి స్పీడోమీటరుకి వెళ్లే కేబులు నేరుగా వెళ్లదు, ముందు ఈ డబ్బాలోకి వస్తుంది. అక్కడి నుంచి ఇంకో కేబులు డాష్‌బోర్డులోని మీటరుకి వెళుతుంది. కాబట్టి మీటరు ముల్లుకి తెలిసిన వేగమే దీనికీ తెలుసు. బటను నొక్కిన క్షణంలో ఉన్న వేగానికి లోపలి గాలి కవాటం జతపడుతుంది. ఆ తర్వాత వేగం తగ్గిందా, బయటి గాలి వచ్చే దారి సన్నబడుతుంది, పీల్పు గట్టిపడుతుంది, సర్వో గొలుసును లాగుతుంది. వేగం పెరిగిందా, బయటి గాలి ఎక్కువ వస్తుంది, పొర సడలుతుంది, గొలుసు వదులవుతుంది. అంతా గాలి లెక్కే. బండి పోతున్నంతసేపూ ఈ డబ్బా మెల్లగా ఊపిరి తీస్తూ వదులుతూ ఉంటుంది.

పెద్దమనిషి అంతకుముందు ఇద్దరు మెకానిక్కులకి చూపించాడట. ఇది పీకేసి, ఎలక్ట్రానిక్‌ది కొత్తది పెట్టించుకోమన్నారట. ప్రొపెల్లర్ షాఫ్టుకి ఒక అయస్కాంతం బిగించి వేగం లెక్కపెట్టే రకాలు దొరుకుతాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఆయనకి వాళ్ల నాన్న నొక్కిన బటనే కావాలి. ఆ మాట మనవడు తెలుగు చేయకముందే నాకు అర్థమైంది.

మొదటి రోజు ఆ రెండు డబ్బాలనీ నేను ముట్టుకోలేదు. డ్రైవరు సీటు ముందు, కింద వెల్లకిలా పడుకుని బ్రేకు పెడల్ పైభాగం చూశాను. పెద్దమనిషి ఆశ్చర్యపోయాడు. డబ్బాలు ముందుంటే ఈయన వెనక ఏం వెతుకుతున్నాడనుకున్నాడో ఏమో. నాకు ఆర్టీసీ నేర్పిన వరస అది. బండిని నడిపించేదాని జోలికి వెళ్లేముందు బండిని ఆపేదేదో చూసుకో. వేగం పట్టుకోని క్రూజ్ కంట్రోల్ వల్ల ఎవరికీ నష్టం లేదు, కాలితో తొక్కుకుంటాడు. వదలని క్రూజ్ కంట్రోల్ మనిషిని చంపుతుంది. అందుకే దాన్ని తయారుచేసినవాళ్లు బ్రేకు దగ్గర రెండు తాళాలు పెట్టారు. ఒకటి కరెంటుది, బ్రేకు తొక్కగానే ట్రాన్స్‌డ్యూసర్‌కి కరెంటు తెగిపోతుంది. రెండోది గాలిది, బ్రేకు పెడల్ కదలగానే ఒక చిన్న మూత తెరుచుకుని సర్వోలోకి గాలి దూసుకొస్తుంది, పొర ఒక్కసారిగా సడలిపోతుంది. ఒకటి మొరాయించినా ఇంకొకటి పనిచేస్తుంది.

గాలి మూతకి చేతి వ్యాక్యూమ్ పంపు తగిలించాను. పెద్దమనిషి దగ్గర మీద గేజీ ఉన్న మంచి పంపు ఉంది. పాదరసం లెక్కన పదిహేను అంగుళాల దాకా లాగాను. ముల్లు నిలబడలేదు, జారిపోయింది. మనవడు ఫోను లైటు పట్టాడు, నేను చెవి పెట్టాను. పిల్లి బుస కొట్టినట్టు సన్నటి సుయ్. ఎవరో ఎప్పుడో బ్రేకు పని చేసినప్పుడు ఆ మూత ఉన్న చోటు నుంచి కాస్త జరిగింది. పెడల్ పైన ఉన్నా మూత పూర్తిగా మూసుకోవడం లేదు. ఎప్పుడూ బ్రేకు తొక్కినట్టే లెక్క. అలాంటప్పుడు సర్వో ఎంత లాగినా ఏం లాభం? ఓటి కుండలో నీళ్లు పోయడమే.

మూతని ముందుకి జరిపి బిగించాను. గేజీ ముల్లు కొయ్యలా నిలబడింది. పన్నెండేళ్ల జబ్బులో సగం అది, ఖర్చు సున్నా.

మిగతా సగం కరెంటుది. బటను ఇండికేటరు కాడ చివర ఉంటుంది. పూర్తిగా లోపలికి నొక్కి వదిలితే పట్టుకుంటుంది. దాని వైర్లు ఆ బోలు కాడ లోపలి నుంచే స్టీరింగు గొట్టంలోకి దిగుతాయి. యాభై ఏళ్లుగా కుడికీ ఎడమకీ తిరిగినప్పుడల్లా ఆ వైరు వంగుతూనే ఉంది. టెస్టు ల్యాంపు పెడితే వెలగదు, కాడ కొంచెం పైకెత్తితే వెలుగుతుంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి తెగింది. ఈ రకం తెగులు కంటికి కనబడదు, వేళ్లతో నొక్కుకుంటూ పోతే ఒకచోట మెత్తగా తగులుతుంది. కొత్త కాడ తెప్పించడానికి వారం పట్టింది. పాత వైరు చివర దారం కట్టి, అది లాగుతూ కొత్త వైరు దింపాం. లంగా అంచులో నాడా ఎక్కించినట్టన్నమాట, మా ఆవిడ అక్కడుంటే ఇంకా తొందరగా చేసేది.

ఆ వారం రోజులు ఖాళీ. అప్పుడే పెద్దమనిషి అడిగాడు, దీన్ని కనిపెట్టింది ఎవరో తెలుసా అని. తెలియదన్నాను. మా ఊరికి తూర్పున అరవై మైళ్ల దూరంలో హేగర్స్‌టౌన్ అని చిన్న ఊరు, అక్కడి మనిషే అన్నాడు. పేరు రాల్ఫ్ టీటర్. ఇంతవరకు మామూలుగా విన్నాను. తర్వాతి మాట మనవడితో రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆయనకి కళ్లు కనబడవు.

1890లో పుట్టాడు. అయిదేళ్ల వయసులో కత్తితో ఆడుకుంటుంటే ఒక కంటికి దెబ్బ తగిలింది. కొంతకాలానికి రెండో కన్ను కూడా పోయింది. వాళ్ల కుటుంబానిది రైలు పట్టాల మీద నడిచే తనిఖీ బండ్లు చేసే కార్ఖానా. మన రైల్వేలో ట్రాలీ మీద ఇంజనీరు గారు గొడుగేసుకుని పట్టాలు చూసుకుంటూ పోవడం మనం చూస్తాం, ఆ జాతి బండ్లే. ఆ ఇనప సామాన్ల మధ్య తడుముకుంటూ పెరిగాడు. పన్నెండేళ్లకి పాత ఇంజను ఒకటి సంపాదించి తనే కారు కట్టుకున్నాడు. 1912లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగు పట్టా. మొదటి ప్రపంచయుద్ధంలో యుద్ధనౌకల టర్బైన్లకి సమతూకం కుదరక వణుకు వస్తుంటే, ఆ పని ఈయన చేసిపెట్టాడు. గిరగిర తిరిగే ఇనుములో వణుకు ఎక్కడుందో చూపున్నవాడికి ఎలాగూ కనబడదు కదా, చేతికే తెలియాలి. మా గ్యారేజీలో కూడా బేరింగు పోయిందో లేదో తెలుసుకోవడానికి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాళ్లం. కళ్లు ఎందుకు మూస్తామో నేను అప్పుడు ఆలోచించలేదు.

తర్వాత వాళ్ల కుటుంబ సంస్థ పిస్టన్ రింగులు చేసే పర్ఫెక్ట్ సర్కిల్ కంపెనీ అయింది. టీటర్ దానికి అధ్యక్షుడయ్యాడు. 1936లో అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికీ అధ్యక్షుడయ్యాడు.

క్రూజ్ కంట్రోల్ ఎలా పుట్టిందో చెప్పే కథ నాకు అన్నిటికంటే నచ్చింది. టీటర్ కారు నడపలేడు, ఎవరో నడిపితే పక్కన కూర్చోవాలి. ఆయన లాయరు నడిపేవాడు. ఆ లాయరుకి ఒక అలవాటు. తను మాట్లాడేటప్పుడు కాలు సడలేది, బండి నెమ్మదించేది. టీటర్ మాట్లాడుతుంటే, వింటూ తొక్కేవాడు. మాటకి మాటకి బండి కుదుపు. పక్కన కూర్చున్నవాడికి కిటికీలోంచి చెట్లు కనబడవు, మీటరు కనబడదు. కనుక వేగం ఆయనకి ఒళ్లంతా తెలిసేది. వెన్ను సీటుకి అతుక్కుంటే తొక్కుతున్నాడని, ముందుకి తూలితే వదిలాడని. కళ్లున్నవాళ్లం మనం ఈ కుదుపుకి అలవాటు పడిపోతాం, పట్టించుకోం. ఆయన విసిగిపోయాడు.

దానికి యుద్ధం కూడా కలిసింది. రెండో ప్రపంచయుద్ధంలో జపాను ఆగ్నేయాసియాలోని రబ్బరు తోటలు ఆక్రమించుకోగానే అమెరికాకి టైర్ల కరువొచ్చింది. టైర్లు అరక్కుండా దేశమంతా గంటకి ముప్పయి అయిదు మైళ్లు దాటొద్దని వేగపరిమితి పెట్టారు. అంత నెమ్మదిగా, అంతే నిలకడగా తొక్కి ఉంచడం మనిషి కాలికి కష్టం. ఆ పని యంత్రం చేయాలని టీటర్ ఏళ్ల తరబడి కూర్చున్నాడు. 1950 ఆగస్టులో పేటెంటు వచ్చింది. ఆ మొదటి పరికరం వేగం మించబోతే యాక్సిలేటరును డ్రైవరు కాలికి ఎదురు తోసేది. కంట్రోల్‌మాటిక్, టచోమాటిక్, ప్రెస్సోమాటిక్, ఇలా పేర్లు మార్చి మార్చి చివరికి స్పీడోస్టాట్ అని ఉంచారు. 1958లో క్రిస్లర్ కంపెనీ తన ఖరీదైన కార్లలో దీన్ని పెట్టి ఆటోపైలట్ అని పిలిచింది. ఇప్పుడు లోకమంతా అనే క్రూజ్ కంట్రోల్ అన్న మాట కాడిలాక్ వాళ్లది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాక, మరుసటి ఏడు నుంచి అమెరికాలో యాభై అయిదు మైళ్ల పరిమితి వచ్చింది. అప్పుడు సామాన్యులు కూడా దీన్ని అడిగి పెట్టించుకున్నారు. అంటే రెండుసార్లూ దీనికి దారి వేసింది తొందర కాదు, సరుకు కరువు. టీటర్ 1982 దాకా బతికాడు. కోట్లమంది నొక్కిన బటను ఆయనది, ఆయన మాత్రం కారు నడపలేని మనిషి.

కొత్త కాడ వచ్చింది. బిగించాం. గొట్టాలు కూడా మార్చాం. పైకి బాగానే ఉన్న రబ్బరు గొట్టాన్ని చివర వంచి చూస్తే పాత చెప్పు పట్టీలా బీటలు. సర్వో మాత్రం పదిహేను అంగుళాల మీద నిమిషంసేపు నిలబడింది, రబ్బరు పొర చిరగలేదు. యాభై ఏళ్ల రబ్బరు! ఎవరు చేశారో గానీ వాళ్ల చేతికి దండం పెట్టాలి. ట్రాన్స్‌డ్యూసర్ గాలి వడపోత స్పాంజి మాత్రం చేత్తో ముట్టుకుంటే పిండిలా రాలింది. ఆ పిండి లోపలి సన్న దారుల్లో పడకుండా తీయడానికి పూట పట్టింది.

మొదటిసారి రోడ్డు మీదికి వెళ్లాం. ఆయన నడిపాడు, నేను పక్కన, మనవడు వెనక. యాభై అయిదు దగ్గర బటను నొక్కాడు. పట్టుకుంది! పెద్దాయన స్టీరింగు మీద చరిచాడు. ఆ సంతోషం అర మైలు. తర్వాత బండి ఉయ్యాలూగడం మొదలుపెట్టింది. ముందుకి తోసుకుపోవడం, వెనక్కి లాగడం. హంటింగ్. మా ఫోర్‌మన్ గారు గుర్తొచ్చారు.

గొట్టాలు కొత్తవే కదా, ఇంకెక్కడ? అప్పుడు మీటరు ముల్లు చూశాను. అది కూడా సన్నగా వణుకుతోంది. ఇద్దరికీ వేగం చెప్పేది ఒకటే కేబులు. దాని లోపలి తీగ ఎండిపోయి, తొడుగులో పట్టి పట్టి, వదిలి వదిలి తిరుగుతోంది. తీగ అరక్షణం ఆగితే ట్రాన్స్‌డ్యూసరు పాపం బండి నెమ్మదించిందనుకుని గొలుసు లాగుతోంది, తీగ వదిలి గిర్రున తిరిగితే వేగం పెరిగిందనుకుని వదిలేస్తోంది. దాని తప్పేమీ లేదు, దానికి చెప్పేవాడిది నత్తి. కేబులు బయటికి లాగి, తుడిచి, గ్రీజు పలచగా పట్టించి, మలుపు దగ్గర మరీ వంగకుండా క్లిప్పు మార్చాం. గ్రీజు ఎక్కువ పెట్టకూడదు, పైకి పాకి మీటరులోకి ఎక్కుతుంది.

రెండోసారి వెళితే ఉయ్యాల పోయింది. కానీ యాభై అయిదులో నొక్కితే బండి మెల్లగా దిగి యాభై దగ్గర స్థిరపడుతోంది. దీనికి మందు ట్రాన్స్‌డ్యూసర్ ఒంటికే ఉంది. ఒక సన్న గొట్టం, మరలు తీసినది, పైన లాక్‌నట్టు. నట్టు వదులు చేసి గొట్టాన్ని పావు చుట్టు తిప్పితే ఒక మైలు తేడా. నేను ధీమాగా రెండు పావులు లోపలికి తిప్పాను. మళ్లీ వెళ్లాం. యాభై కాదు, నలభై ఎనిమిది. తిప్పాల్సింది బయటికి! మనవడు వెనక సీట్లో కిసుక్కున నవ్వాడు. ఆయన కూడా నవ్వి, వాళ్ల నాన్న దాచిన సర్వీసు పుస్తకం డాష్‌బోర్డు అరలోంచి తీసి నా ఒళ్లో పెట్టాడు. అందులో మనవడు చదివి చెప్పాడు, ఆ గొట్టాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ పూర్తిగా బయటికి తీయొద్దని, తీస్తే మళ్లీ పెట్టడం కుదరదని. నేను మరీ ఉత్సాహంగా ఉన్నాను కాబట్టి ఆ పేజీ ముందే చదివి ఉండాల్సింది. లెక్కపెట్టుకుంటూ ఏడు పావులు బయటికి తిప్పాను.

ఆఖరికి మిగిలింది ఆ గుండ్ల గొలుసు. సర్వోకీ కార్బరేటరుకీ మధ్య అది మరీ బిగుతుగా ఉంటే ఇంజను ఖాళీగా ఉన్నప్పుడు కూడా కార్బరేటరు కొంచెం తెరిచే ఉంటుంది. మరీ వదులైతే సర్వో ముందు ఆ వదులంతా లాగి, అప్పుడు గానీ పని మొదలుపెట్టదు. బిగించాల్సింది గుండు లెక్కన. కార్బరేటరు పూర్తిగా మూసుకున్నప్పుడు వేలితో గొలుసు ఎత్తి చూడాలి, కొంచెం కదలాలి, వేలాడకూడదు. ఒక గుండు తగ్గించాను. ఇంకొకటి తగ్గించాలా వద్దా అన్న అనుమానం ఉండిపోయింది.

ఆ ఆదివారం హేగర్స్‌టౌన్ దాకా పోదామన్నాడాయన. పాత జాతీయ రహదారి, నంబరు 40 మీద తూర్పుకి. రెండువైపులా మొక్కజొన్న. యాభై అయిదు దగ్గర బటను నొక్కి కాలు తీశాడు. ముల్లు యాభై అయిదు మీద మేకు కొట్టినట్టు నిలబడింది. ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్న ఈ కారులో కుటుంబాన్ని ఎక్కించుకుని ఎక్కడెక్కడికి తిప్పాడో, వెనక సీట్లో అన్నదమ్ములు ఎలా కొట్టుకునేవారో. చేతులు తిప్పుతూ, మనవడి వైపు వెనక్కి తిరుగుతూ మాట్లాడుతున్నాడు. మనిషి ఎంత మాట్లాడినా ముల్లు కదలదు. టీటర్ గారి లాయరుకి ఈ బండి ఉండాల్సింది.

నాకొక బుద్ధి పుట్టింది. సీటుకి వెన్ను ఆనించి కళ్లు మూసుకున్నాను.

మొదట్లో ఏమీ తెలియలేదు. టైర్ల చప్పుడు, గాలి, ఆయన గొంతు. కాసేపటికి ఒళ్లు వినడం నేర్చుకుంది. చదునులో బండి ఉన్నట్టే తెలియదు. ఒకచోట మాత్రం నడుము సీటు మీద నుంచి వెంట్రుకవాసి తేలికైంది. కళ్లు తెరవకుండా, ఎత్తు ఎక్కుతున్నామా అని అడిగాను. అవునంది వెనక నుంచి మనవడి గొంతు. ముల్లు యాభై రెండు దగ్గరుందట. ఇది ఇంజను పీల్పు బలంతో లాగే ఇలాంటి పరికరాలకి పుట్టు బలహీనత. ఎత్తు ఎక్కేటప్పుడు కార్బరేటరు బాగా తెరుచుకోవాలి, అది తెరుచుకున్నకొద్దీ ఇంజను పీల్పు పడిపోతుంది. సర్వోకి బలం అవసరమైన వేళకే బలం తగ్గుతుంది. 

మళ్లీ పల్లం వచ్చింది. ముందుకి కొంచెం తోసినట్టయి, ఒక్క క్షణం ఆలస్యంగా సడలింది. ఆ ఒక్క క్షణం నాకు నచ్చలేదు.

హేగర్స్‌టౌన్ పొలిమేరలో ఆయన బ్రేకు మీద కాలు ఆనించాడు. పెడల్ దగ్గర ఫుస్ అని చిన్న శబ్దం, బండి బరువు ఒక్కసారి వదిలేసింది. నేను కళ్లు తెరిచాను. దిగువకి వచ్చినప్పుడు కొంచెం ఆలస్యం చేస్తోందని మనవడితో చెప్పించాను.

ఆయన రోడ్డు పక్కన చెట్టునీడన బండి ఆపాడు. బానెట్ లీవరు లాగి, నా వైపు చూసి ఒక వేలు చూపించాడు. ఇంకొక గుండా, అని.